బుడగలు ఆగేదాకా

ట్రైనింగ్ హాస్టలు, మేడ మీద చివరి గది
జూలై 7

మరదలు పిల్లకి,

నీకంటే నాలుగు నెలలు ముందు పుట్టిన వదినని కాబట్టి ముందుగా ఆశీర్వాదాలు. ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. అత్తయ్య పక్కనుంటే కాస్త అవతలికి వెళ్ళి చదువు.

నేను డ్రాయింగ్ గదిలో లేను.

గాభరా పడకు, వాళ్ళు తీసెయ్యలేదు, నేనే బయటికొచ్చాను. ఇక్కడ ప్లాన్లు గీయడానికి చేరినవాళ్ళ చేత కూడా మొదటి వారం మూడు రోజులు యార్డులో పని చేయిస్తారు. గోడ ఎలా లేస్తుందో తెలియనివాడు గోడ గీయకూడదని వీళ్ళ పట్టుదల. మొదటి రోజు పొద్దున్నే నా చేతిలో తాపీ పెట్టారు. చిన్నప్పటినుంచీ నాన్న నన్ను ముట్టుకోనివ్వని వస్తువు! సున్నం మాలు పరిచి, ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు తట్టాను. ఇటుక కదలకుండా కూర్చుంది. అంతే, నేనూ అక్కడే కూర్చుండిపోయాననుకో.

మాకు నేర్పే పెద్దాయన జేబులో ఎప్పుడూ దారపు ఉండ ఉంటుంది. అందుకని అందరూ దారం మేస్త్రి అంటారు. మూడో రోజు సాయంత్రం వెళ్ళి, "సార్, నన్ను ఇక్కడే ఉంచేసుకోండి" అన్నాను. ఆయన నా మొహం చూడలేదు, నేను కట్టిన గోడ చూశాడు. "డ్రాయింగ్ వాళ్ళతో నేను మాట్లాడతాలే" అన్నాడు. ఆ రాత్రి సంతోషంతో అన్నం సహించలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మూడు నెలలు చూసి, అక్టోబరు పదిన పరీక్ష పెడతారు. నెగ్గితే నాలుగేళ్ళ అప్రెంటిస్ ఒప్పందం. మనకింకా పద్దెనిమిది నిండలేదు కదా, దాని మీద పెద్దవాళ్ళ సంతకం ఉండాలి. నాన్న సంగతి నీకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి, "ఈ పని నాతోనే ఆఖరు, నా కూతురు నీడపట్టున కూర్చుని గీతలు గీయాలి" అని ఒట్టు పెట్టుకున్నాడు. సున్నం పడ్డ కన్నుతో చిన్న అక్షరాలు చదవలేడు కాబట్టి, ఎప్పటిలా ఆదివారం నీ దగ్గరికొచ్చి నా ఉత్తరం చదివించుకుంటాడు. చదువు. కానీ చూసి చదువు. నన్ను డ్రాయింగ్ గదిలోనే ఉంచు. నీకు పుణ్యముంటుంది.

నీ వదిన

---

మా ఇల్లు, కిటికీ పక్క
జూలై 16

మహారాజశ్రీ వదినగారికి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. అమ్మ చూసి ఏమైందంటే కంట్లో ఇనప రజను పడిందన్నాను. ఈ మధ్య నిజంగానే పడుతోంది.

నా గొప్ప కూడా విను. వర్క్‌షాపులో చేరిన రెండు వారాలపాటు ఏ మిషనూ ముట్టుకోనివ్వలేదు. పిడికెడంత ఇనప దిమ్మ, ఒక ఆకురాయి చేతికిచ్చి ఆరు ముఖాలూ చదును చెయ్యమన్నారు. ఒక ముఖం సరిచేస్తే పక్కది వంకరపోయేది. అరిగేది ఇనుమో నేనో తెలియలేదు. నిన్న ఫోర్మన్ దాని మీద మూలమట్టం ఆనించి వెలుతురుకెత్తి చూశాడు. సందులోంచి చుక్క వెలుగు రాలేదు. "రేపట్నుంచి లేతు మిషను మీదికి రా" అన్నాడు. ఇంటిదాకా పరిగెత్తుకుంటూ వచ్చాను వదినా! రోడ్డు మీద జనం ఏ కుక్కో తరుముతోందనుకుని ఉంటారు.

ఇక నీ పుణ్యం సంగతి. ఆదివారం మావయ్య వచ్చాడు. నీ ఉత్తరం ముందు పెట్టుకుని, అందులో లేనిదంతా గుక్క తిప్పుకోకుండా చదివాను. డ్రాయింగ్ బల్ల కిటికీ దగ్గరుందన్నాను. నీ చేతిరాతని మెచ్చుకున్నారన్నాను. మావయ్య కళ్ళు మూసుకుని వింటూ, "ఏం గీయిస్తున్నారంట?" అన్నాడు. నోటికొచ్చింది కదాని మెట్లు అన్నాను.

"మెట్టు ఎత్తెంత పెట్టిందంట?"

"అడుగున్నర, మావయ్యా."

ఆయన కళ్ళు తెరిచాడు. "అడుగున్నరా? ఆ ఇంట్లో ఉండబోయేది మనుషులేనా, ఏనుగులా?"

తల్లీ, ముప్ఫై ఏళ్ళు ఇళ్ళు కట్టిన మనిషికి ఇళ్ళ గురించి అబద్ధం చెప్పమని నన్ను కూర్చోబెట్టావు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. కాస్త సరైన కొలతలు రాసి పంపు.

నీ మరదలు

---

హాస్టలు, మేడ గది
ఆగస్టు 5

ఏనుగుల మరదలికి,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. ఇప్పుడు యార్డులో ఎవరి వరస ఎత్తు పెరిగినా "ఏనుగుల కోసమా?" అంటున్నారు. మెట్టు ఎత్తు ఆరంగుళాలు, కాలు పెట్టే చోటు పదీ పదకొండు. కంఠతా పట్టు.

ఇక్కడో పద్ధతుంది విను. నేర్చుకునేవాళ్ళ మాలులో సిమెంటు కలపరు. ఉత్త సున్నం, ఇసుక. ఎందుకంటే పొద్దుటినుంచీ కట్టిన గోడని సాయంత్రం మనమే పడగొట్టాలి. ఇటుకలు గీకి, కడిగి, వరసగా పేర్చి వెళ్ళాలి. మర్నాడు మళ్ళీ అవే ఇటుకలు. మొదటిసారి నా గోడని తన్నమంటే కాలు లేవలేదు. ఏడ్చాను కూడా, ఎవరికీ చెప్పకు. ఇప్పుడు నా అంతట నేనే తంతున్నాను, ఎందుకంటే రేపటిది ఇంతకంటే బాగా వస్తుందని తెలుసు. ఇప్పటికి ఇరవై మూడు గోడలు కట్టాను. ఒక్కటీ లేదు!

అన్నిటికంటే నాకిష్టమైంది పొద్దుటి పని. ఎండు ఇటుక మాలులో నీళ్ళన్నీ తాగేస్తుంది, అప్పుడు అతుకు పట్టదు. అందుకని ముందే తొట్టిలో వేస్తాం. వెయ్యగానే బుసబుసమని బుడగలు. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఇటుక పైకి తియ్యకూడదు. తొట్టి పక్కన కూర్చుని వింటూ ఉంటాను. ఈ పేరా కూడా నాన్నకి చదవకు.

చేతులు సున్నానికి పగిలాయి. అయినా చెప్తున్నాను, పదేళ్ళు బళ్ళో కూర్చున్నప్పుడు కూడా నాకు పొద్దున్నే లేవాలని ఇంతగా అనిపించలేదు.

నీ వదిన

---

మా ఇల్లు
ఆగస్టు 27

వదినకి,

పని ఎక్కువగా ఉంది, కాబట్టి చిన్న ఉత్తరం. మొన్న మొదటిసారి లేతు మీద నా చేత్తో ఒక ఇనప షాఫ్టు పూర్తిచేశాను. ఇనుము చుట్టలు చుట్టలుగా తెగి పడుతుంటే మైమరచిపోయాను. కొలత అచ్చంగా సరిపోయింది. ఫోర్మన్ ఏమీ అనలేదు, అంటే బాగుందని అర్థం.

ఆదివారం మావయ్య వచ్చాడు. నీ ఉత్తరం చదివాను. ఏమీ అనలేదు. బాగానే ఉన్నాడు.

ఒక ఉపాయం తట్టింది. మేనత్త అయినా నిన్ను పెంచింది మా అమ్మే కదా. ఆ ఒప్పందం కాయితం మీద అమ్మ సంతకం చెల్లుతుందేమో అడుగు. చెల్లితే ఇటు పంపు, నేను పెట్టించి పంపిస్తాను. మావయ్యకి తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు.

నీ మరదలు

---

హాస్టలు
సెప్టెంబరు 8

ప్రాణం లేచొచ్చేలా రాశావే మరదలా!

అడిగాను. పెంచినవాళ్ళ సంతకం చెల్లుతుందట! ఆఫీసులో కాయితం తీసుకుని దీంతో పంపుతున్నాను. అత్తయ్య చేత పెట్టించు. ఏం కాయితమని అడిగితే హాస్టలుదని చెప్పు. ఇది అబద్ధమేం కాదు, కాస్త తక్కువ నిజం.

పరీక్ష ఏమిటో చెప్పారు. నాలుగు గంటల్లో గోడ మూల కట్టాలి, పన్నెండు వరసలు. రెండు వైపులా గుండు దారానికి నిట్టనిలువుగా ఉండాలి. గోడ మధ్యలో ఎవరైనా కడతారట, మూల కట్టినవాడే మేస్త్రి అంటాడు దారం మేస్త్రి. రోజూ మూలలే కడుతున్నాను. కలలో కూడా మూలలే.

నాన్న ప్రతి పదిహేను రోజులకీ ఎవరి చేతనో రెండు ముక్కలు రాయించి పంపేవాడు. ఈసారి ఇంకా రాలేదు. ఒంట్లో బాగానే ఉంది కదా?

నీ వదిన

---

మా ఇల్లు, కిటికీ పక్క
సెప్టెంబరు 24

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ముందు నా సంగతి చెప్పనీ.

పది రోజుల కిందట ఆరు షాఫ్టులు ఇచ్చారు. నీళ్ళ పంపుల్లోకి వెళ్ళే నిజం పని, నేర్చుకోవడానికిచ్చే తుక్కు కాదు. ఆరో దానికి గంట కొట్టే వేళయింది. మిషను మీదినుంచి తీస్తూనే కొలిచాను, సరిగ్గా ఉంది. పెట్టెలో పెట్టి ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్న ఎందుకో మళ్ళీ కొలిస్తే వెంట్రుకలో మూడో వంతు తక్కువుంది! వేడి మీద ఇనుము ఉబ్బి ఉంటుంది వదినా, చల్లారాక కుంచించుకుపోతుంది. ఆ మాట మొదటి రోజే చెప్పారు. నేనే సంబరంలో మర్చిపోయాను.

పెట్టెలో మిగతా అయిదింటి కింద పడేస్తే ఎవరికీ తెలిసేది కాదు. పడేశాను కూడా. మధ్యాహ్నం దాకా దొంగకి తేలు కుట్టినట్టు ఉన్నాను. చివరికి తీసుకెళ్ళి ఫోర్మన్ బల్ల మీద పెట్టి చెప్పేశాను. ఆయన చాలాసేపు దాన్నే చూసి, "ఇది పంపులో బిగించాక చెప్పుంటే ఏం చేసేవాణ్ణి?" అన్నాడు. వారం రోజులు ఊడ్చే పని వేశాడు. పనిలోంచి మాత్రం తియ్యలేదు. నిన్న మళ్ళీ లేతు ఇచ్చాడు.

కాబట్టి నీకూ చెప్పెయ్యాలి. మావయ్యకి తెలుసు. ఆగస్టునుంచీ తెలుసు.

నా మొదటి షాఫ్టు పూర్తయిన వారమే ఆయన వచ్చాడు. ఆ ఊపులో నీ ఉత్తరం ఆపకుండా చదువుకుపోయాను. గోడల పేరా దాటేశాను కానీ, బుడగల పేరా చదివేశాను. సగంలో నాలుక కరుచుకున్నాను కానీ అప్పటికే అయిపోయింది. మావయ్య కళ్ళు తెరిచాడు. "ఆ చప్పుడు వినాలంటే తొట్టి పక్కన కూర్చోవాలే పిల్లా. డ్రాయింగ్ గదిలోకి వినపడదు" అన్నాడు. టీ తాగకుండానే లేచిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు రావడం లేదు.

నీకు భయపడి దాచాను. నీ పని చెడిపోతుందని దాచాను. అమ్మ సంతకం ఉపాయం కూడా అందుకే చెప్పాను. కాయితం ఖాళీగానే వెనక్కి పంపుతున్నాను. తిట్టు, పడతాను. కానీ ఇది అమ్మ చేత పెట్టించి మావయ్య మొహం చూడలేను.

నీ మరదలు

---

హాస్టలు
సెప్టెంబరు 28

నీకు,

నెల రోజులు! నెల రోజులు నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు, నేనిక్కడ గంతులేస్తున్నాను. ఆయన అక్కడ ఒక్కడూ ఏమనుకుంటూ ఉన్నాడో! నిన్ను ఏం చేసినా పాపం లేదు.

పైది నిన్న రాసిన ముక్క. చింపెయ్యలేదు, నీకు తగినదే కాబట్టి. ఇవాళ కోపం తగ్గింది. అబద్ధం చెప్పమన్నది నేను, చెప్పలేకపోయినందుకు నిన్ను తిడుతున్నాను. బాగుంది కదూ వరస.

నాన్నకి నేనే రాశాను. ఆ కన్నుతో కూడా ఎవరి సాయం లేకుండా చదువుకునేలా, ఒక్కో అక్షరం వేలెడంత రాశాను. తొమ్మిది కాయితాలు అయ్యాయి. అన్నీ చెప్పాను. ఈ పని వదలలేనని చెప్పాను. ఆయన సంతకం చేస్తేనే ఒప్పందంలో చేరతానని, లేకపోతే సామాను సర్దుకుని వచ్చేస్తానని కూడా రాశాను. వచ్చేస్తానని రాశాను కానీ, రాకుండా ఉండాలని ఎంత ఉందో నీకు చెప్పలేను.

నీ వదిన

---

మా ఇల్లు
అక్టోబరు 9, సాయంత్రం

వదినా,

ఈ ఉత్తరం నీకు అందేలోపు అంతా అయిపోతుంది. అయినా రాయకుండా ఉండలేను.

నీ తొమ్మిది కాయితాలు మావయ్యకి అందాయి. పెద్ద బల్ల మీద పక్కపక్కన పరుచుకుని వేలు పెట్టి చదువుతుంటే అమ్మ చూసిందట. మూడు రోజులు పనికి వెళ్ళలేదు. నేను వెళ్తే తలుపు తీశాడు. "మావయ్యా, తప్పు నాది" అన్నాను. "పోయి నీ పని చూసుకో" అన్నాడు.

ఇవాళ తెల్లారి డ్యూటీకి వెళ్తుంటే బస్సు స్టాండులో కనిపించాడు. ఉతికిన చొక్కా, చేతిలో సంచి. ఎక్కడికని అరిచాను. వినిపించలేదో, వినిపించనట్టు ఊరుకున్నాడో. అది నీ హాస్టలున్న ఊరి బస్సే! తీసుకురావడానికి వస్తున్నాడో, చూడడానికి వస్తున్నాడో నాకు తెలియదు. ఆ మొహం చూస్తే ఏదీ చెప్పలేం.

గుండె లేతు కంటే గట్టిగా తిరుగుతోంది. నువ్వు మాత్రం వేడి మీద కొలవకు.

నీ మరదలు

---

హాస్టలు, మేడ మీద చివరి గది
అక్టోబరు 11

మరదలు పిల్లా, కూర్చో. లేదు, ఈసారి నిలబడే చదువు!

నిన్న తొమ్మిదింటికి ఈల వేశారు. పదకొండు మందిమి, పదకొండు మూలలు. అయిదో వరస దగ్గర దగ్గు వినిపించింది. నాన్న దగ్గు వెయ్యి మందిలో గుర్తుపట్టనా? తలెత్తితే కంచె అవతల నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని. చేతిలో ఇటుక జారింది. దారం మేస్త్రి, "గోడ ఇటుంటే చూపు అటెందుకమ్మా?" అన్నాడు. ఇంక తల తిప్పలేదు. వీపంతా కళ్ళయినట్టుంది, అయినా కట్టాను. ఒంటిగంటకి పన్నెండో వరస పూర్తయింది.

దారం మేస్త్రి గుండు వదిలి, మట్టం పెట్టి, కొలిచి, కాయితం మీద రాసుకున్నాడు. "పాస్" అన్నాడు. నాకు గెంతాలని ఉంది, కానీ నాన్న అప్పటికే కంచె దాటి వస్తున్నాడు. గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, సున్నం పడ్డ కన్ను మూసి, మంచి కంటితో మూల పొడవునా చూశాడు. తర్వాత అరచేత్తో తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"మూడో వరస. నాలుగో అతుకు లావైంది."

దారం మేస్త్రి కొలబద్ద పెట్టి చూశాడు. నిజమే, గింజంత లావు! ఆయన కొలబద్ద జేబులో పెట్టుకుని, "నాకు దొరకలేదండీ" అన్నాడు.

ఇంతలో పడగొట్టమని ఈల. అలవాటుకొద్దీ కాలెత్తాను. "ఆగు!" అని నాన్న కేకేశాడు. పక్కవాళ్ళు కూడా ఆగిపోయారు. "పరీక్ష నెగ్గిన గోడని తన్నేస్తావా? మతి గానీ పోయిందా?" ఇక్కడి పద్ధతి చెప్పాను. రోజూ కట్టి రోజూ పడగొడతామని, ఇది అరవై ఎనిమిదో గోడని. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. "నాకు నేర్పినాయన తప్పు కడితే తాపీ పిడితో వేళ్ళ మీద కొట్టేవాడు. పడగొట్టి మళ్ళీ కట్టుకోమని ఎవరూ అనలేదు" అన్నాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, "కానియ్" అన్నాడు. ఇద్దరం కలిసి తన్నాం. నాన్న ఒక్క తన్ను, సగం గోడ!

ఇటుకలు గీకుతూ అప్పుడు మాట్లాడాడు. వంచిన తల ఎత్తలేదు.

"నేను కట్టిన ఇళ్ళు ఎన్నో నాకే తెలీదు. కట్టేటప్పుడు అన్ని గదులూ నావే. ఇంటివాళ్ళు తాళం వేసుకున్నాక ఒక్కళ్ళూ లోపలికి రమ్మనలేదు. గుమ్మం దగ్గర నిలబెట్టే మాట్లాడేవాళ్ళు. నిన్నూ అలాగే నిలబెడతారని భయం. అంతే, నాకు ఈ పనంటే అసహ్యమనుకున్నావా?"

"నన్ను గుమ్మంలో నిలబెడితే, గుమ్మం ఎన్ని డిగ్రీలు వంకరుందో చెప్పొస్తాను నాన్నా" అన్నాను. నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు. వెంటనే నా చేతులు లాక్కుని చూసి, ఆ పగుళ్ళకి రోజూ నూనె రాయనందుకు తిట్టాడు. అంతమందిలో చిన్నపిల్లని తిట్టినట్టు! నీ వదిననన్న గౌరవం ఏమీ మిగల్లేదు నాకిక్కడ. నేను ఏడ్చేశాను, సంతోషంతోనే.

ఆఫీసులో కాయితం ఆయన ముందు పెట్టాను. గుమాస్తా రాస్తానంటే వద్దని తనే పెన్ను తీసుకున్నాడు, తాపీ పట్టినట్టు పట్టుకుని. నా పేరు రాశాడు, తన పేరు రాశాడు. తర్వాతి గడి తండ్రి వృత్తి. అక్కడ పెన్ను ఆగింది. మన బడి కాయితాలన్నిట్లో అక్కడ 'వ్యాపారం' అని రాయించేవాడు, గుర్తుందా? ఏం వ్యాపారమని టీచరు అడిగితే నువ్వూ నేనూ మొహాలు చూసుకునేవాళ్ళం. ఆయన గోళ్ళలో నా గోడ సున్నం ఉంది. కాయితాన్ని మంచి కంటికి దగ్గరగా జరుపుకుని, నేనాయనకి రాసినంత పెద్ద అక్షరాలతో, గడి దాటిపోతున్నా ఆగకుండా రాశాడు. 'తాపీ మేస్త్రి.'

రాసి, పెన్ను బల్ల మీద పెట్టి, పనైపోయినట్టు లేచి గుమ్మందాకా వెళ్ళిపోయాడు. సంతకం చెయ్యలేదని వెనక్కి పిలవాల్సొచ్చింది.

నీ వదిన